దేవప్రసాద్ మాస్టారి ఉతుకుడు

దేవప్రసాద్ మాస్టారి నోట "బాగుంది" అన్న మాట విన్నవాడు రాయగడలో లేడు. చర్చిలో క్రిస్మస్ పాట అయ్యాక అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, "గొర్రెల కాపరులు బెత్లెహేము చేరిపోయేరు, హార్మోనియం ఇంకా దారిలోనే ఉంది" అనేవాడు. స్నేహితుడి సమాధి దగ్గర పాస్టరుగారి ప్రసంగం సాంతం విని, "పోయినోడు అదృష్టవంతుడు, వినక్కర్లేకపోయింది" అన్నాడు. ఆయన భార్య వసంతకుమారి, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, ఉప్మా పళ్ళెం ముందు పెడుతూనే "ఉప్పు తక్కువ, జీడిపప్పు మాడింది, తినండి" అనేసేది.

"మాడలేదు, కమిలింది" అని దిద్దేవాడాయన.

ఇంగ్లీషు మాస్టారి ఉద్యోగం అయిపోయాక, కొరాపుట్ నుంచి వచ్చే ఓ చిన్న తెలుగు మాసపత్రికలో పుస్తక సమీక్షలు మొదలుపెట్టాడు. ఆ పేజీకి ఊళ్ళో "ఉతుకుడు బండ" అని పేరు. 2005 వానాకాలంలో విజయదుర్గ పుస్తకం ఆ బండ మీద పడింది.

విజయదుర్గ బడిలో డ్రాయింగ్ టీచరు. ఇంటి పని, బడి పని తెమిలాక మిగిలిన కాస్త వ్యవధిలో ఏళ్ళ తరబడి గీసి, ఓ బొమ్మల నవల అచ్చు వేయించింది. అందులో ఒక ఆడమనిషి ఏదో బొమ్మ వేద్దామని కూర్చుంటుంది. పాలు పొంగుతాయి. మళ్ళీ కూర్చుంటుంది. అత్తగారు పిలుస్తుంది. చీకటి పడేసరికి గిన్నెలు మెరుస్తుంటాయి, కాగితం తెల్లగానే ఉంటుంది. అంతే కథ.

తెలుగు సంఘం కార్యదర్శి, బట్టల కొట్టు సోమేశ్వరరావు పుస్తకాన్ని ఆవిష్కరించి, ఆమెకు శాలువా కప్పి, "పిల్లల పోటీలకి ప్రైజులుగా పంచడానికి బాగా పనికొస్తాది" అన్నాడు. విజయదుర్గ అత్తవారి వైపు పెద్దావిడ గురువమ్మ, "గిన్నెల బొమ్మలేస్తే గిన్నెలు తెల్లబడతాయేటే అమ్మీ?" అంది. విశాఖ పత్రిక ఒకటి "చిన్నారులకు చక్కటి సెలవుల కానుక" అని ఒక్క వాక్యం వేసింది. పుస్తకంలో చిన్నారి ఒక్కరూ లేరు. తిట్టినా సహించగలిగేది గానీ, తెరవకుండా మెచ్చుకుంటుంటే విజయదుర్గ భరించలేకపోయింది. అమ్ముడుపోని పుస్తకాల కట్టలు మంచం కిందికి చేరాయి.

అప్పుడు వచ్చింది మాస్టారి సమీక్ష. "ఇందులో మనుషుల చేతులకి ఎముకలు లేవు. అత్తగారి ముక్కు పేజీకో రకంగా ఉంది. బహుశా అత్తగారు చాలామంది. కిటికీలో వాన ఎంతకీ తగ్గదు. రచయిత్రి కిటికీ మూసి ఉంటే కాగితం ఆదా అయ్యేది." ఇలా పేజీన్నర.

విజయదుర్గ ఆ రోజు అన్నం తినలేదు. నెల రోజులు పెన్సిలు ముట్టుకోలేదు. దుఃఖం ముదిరి కోపమయ్యాక, ఒక సాయంత్రం గొడుగు తీసుకుని తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది.

"లేరమ్మా," అంది వసంతకుమారి. "సోమేశ్వరరావు కొట్లో దెబ్బలాడుతున్నారు. నీ పుస్తకం మీదే."

"ఇంకానా!" అంది విజయదుర్గ.

కొట్టు మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాస్టారి గొంతు వీధిలోకి వినిపిస్తోంది. ఆమె గొడుగు ముడవకుండా తలుపు పక్కనే నిలబడిపోయింది.

"సదివేవా, లేదా?"

"బొమ్మలే కదా మాస్టారూ, తిరగేసేను."

"తిరగెయ్యడానికి అదేటి, పెనం మీద అట్టా?"

"మరి మీరే కదండీ పత్రికలో ఉతికి ఆరేసేరు!"

"నేను తడిపి ఉతికేను. నువ్వు తడపకుండానే ఆరేస్తన్నావు. పూర్తిగా సదివి అప్పుడు తిట్టు, వింటాను."

"ఏటీ జరగదు కదండీ అందులో."

"నీ బతుకులో ఏటి జరిగిందయ్యా? పొద్దున్న షట్టరు ఎత్తేవు, సాయంత్రం దించేవు. మీ ఆవిడ బతుకులో ఏటి జరిగిందో ఎప్పుడైనా అడిగేవా? నేనూ అడగలేదు. ఆ పుస్తకం ముయ్యగానే వెళ్ళి గిన్నెలు తోమేను."

"మీరా!"

"రెండు గ్లాసులు బద్దలయ్యేయి. వసంత తిట్టింది. అయినా తోమేను. ఇదిగో, నా కాపీ. ఇక్కడే కూచుంటాను, సదువు."

సోమేశ్వరరావు చచ్చినట్టు పేజీ తిప్పాడు. చీర బేరానికి వచ్చిన ఒకావిడ పిలిచింది. "ఉండమ్మా, పాలు పొంగుతున్నాయి," అన్నాడతను తలెత్తకుండా.

విజయదుర్గకి నవ్వు ఆగలేదు. మాస్టారు వెనక్కి తిరిగి చూసి, దొంగతనం బయటపడ్డవాడిలా గబగబా మెట్లు దిగి వచ్చాడు.

"ఇదంతా పత్రికలో రాయొచ్చు కదండీ!" అంది ఆమె. ఇంకా కోపం పూర్తిగా పోలేదు. "నెల రోజులు ఏడిసేను తెలుసా?"

మాస్టారి ముఖం చిన్నబోయింది. "ఏడుస్తావనుకోలేదమ్మా. మెచ్చుకుంటే ఈ ఊరోళ్ళు శాలువా కప్పి బీరువాలో పెట్టీస్తారు. తిట్టేననుకో, ఎంత దరిద్రంగా ఉందోనని తెరుస్తారు. ఇప్పటికి ముగ్గురు నా కాపీ అడిగి పట్టుకెళ్ళి సదివేరు."

"ఎముకలు లేవన్నారు కదా, అదీ అందుకేనా?"

"అది నిజమే," అన్నాడాయన నిస్సంకోచంగా.

ఆమె పక్కనున్న స్టేషనరీ కొట్టుకి వెళ్ళి నల్ల సిరా అడిగింది. మాస్టారు ఆమె కంటే ముందే సీసా అందుకుని, దీపానికి ఎదురుగా ఎత్తి చూసి, "ఇది సిరా కాదు, పప్పుచారు! ఆ అమ్మికి మంచిది తియ్యి," అని కొట్టువాడితో తగువు మొదలుపెట్టాడు.