వేడి గంజిలో వేసిన పొడి

ఆ పొడి డబ్బా మీద రాసిందంతా ఇంగ్లీషే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పందులు పెంచుకునేవాళ్లు డబ్బా వెనకాల ఇంగ్లీషు చదువుకుని మందు వేస్తారని ఏ మహానుభావుడు అనుకున్నాడో!

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన రావులపాలెంలో అరటి గెలలు మోసే కూలి మానేసి, మా దొడ్లో ఒక సీమపందిని పెంచడం మొదలుపెట్టారు. మొదటి ఈతలోనే పది పిల్లలు. అవి బతికితేనే ఈ పని నిలుస్తుంది, లేకపోతే మళ్లీ కూలికే. తల్లి పాలు మానిపించిన వారంలో పిల్లలకు పారుడు పట్టుకుంటుందని అందరూ భయపెట్టారు. అంతలో మందుల కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఈ పొడి తింటే పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగి, పిల్లలు తమంతట తామే రోగాన్ని తట్టుకుంటాయని అరగంట చెప్పాడు. రోజూ మేతలో చెంచాడు కలపమని చెప్పి, టీ తాగి వెళ్లాడు.

మొదటి రోజు మా ఆయన చల్లటి తవుడు నీళ్లలో కలపబోయారు. నేను ఊరుకుంటానా? చల్లది తాగితే పారుకోవూ అని చీవాట్లు పెట్టి డబ్బా లాక్కున్నాను. మా ఇళ్లలో కడుపు బాగా లేదంటే మనిషికైనా పశువుకైనా కాచిన గంజే. నూకల గంజి కుతకుత ఉడుకుతుంటే పొడి అందులోనే వేసి, బాగా ఉడికించి, చల్లార్చి పోసేదాన్ని. ఆరో రోజుకు పారుడు మొదలైంది. నాలుగు రోజుల్లో ఏడు పిల్లలు పోయాయి.

ఏజెంటు మళ్లీ వస్తే దులిపేశాను. అతను డబ్బా తిప్పి చూపించాడు.

"ఇవి బతికున్న జీవులండి. వేడిలో వేస్తే చచ్చిపోతాయి. ఇదిగో, రాసే ఉంది కదండి."

"ఆ ముక్క నోటితో చెప్తే నీ సొమ్మేం పోయింది బాబూ? ఆ రోజు నా పొయ్యి పక్కనే కూర్చుని టీ తాగావు. గంజి ఉడకడం నీకు కనపడలేదా?"

అతను డబ్బా గట్టు మీద పెట్టేసి వెళ్లిపోయాడు. నా కోపం మాత్రం చల్లారలేదు. మా ఆయన మీదకు తిరిగాను.

"మీరైనా చల్లటి నీళ్లలోనే కలుపుదామని గట్టిగా చెప్పొచ్చు కదండీ?"

"నువ్వు చెప్పనిస్తేగా," అన్నారు.

మిగిలిన మూడు పిల్లల్నీ, తల్లినీ ఎవరికో ఇచ్చేసి ఆయన మళ్లీ కూలికి వెళ్లారు. తప్పు నాదని తెలిసి కూడా, ఆ ఏడాదంతా ఆయన మీదే విరుచుకుపడ్డాను.