బబూన్ పట్టుకుపోయిన సంచి

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి భయం తక్కువ, గొప్పలు చెప్పుకోవాలన్న తహతహ ఎక్కువ. పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో నేనూ అలాంటివాణ్ణే. ఓడ ఇంజనీరింగ్ చదువుతూ, శిక్షణ కోసం విశాఖ రేవులో ఓ సరుకుల ఓడ ఎక్కాను. (మా నాన్నగారు రేవులో గుమాస్తా, గోదావరి నుంచి వచ్చి పోర్టు క్వార్టర్స్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది.) ఓడ పశ్చిమాఫ్రికాలో, ఘనా రేవులో ఆగింది. దగ్గర్లో వన్యమృగాల పార్కు ఉందని తెలియగానే, సింహాన్ని చూసొచ్చి క్వార్టర్స్ అంతా చాటుకోవాలని నా ప్రాణం కొట్టుకుంది. తోడుగా డీజిల్ బావ బయల్దేరాడు. ఇంజన్ గదిలో పనివాడు, పరవాడ రైతుబిడ్డ. అందరినీ బావా అనేవాడు కనుక అందరికీ బావే.

పార్కు కాపలాదారు, తల నెరిసిన పెద్దాయన, మా వెంట వచ్చాడు. "సింహాలెక్కడ?" అన్నాను. సింహాల్లేవు, జింకలూ, బబూన్లనే పెద్ద కోతులూ ఉన్నాయని తాపీగా ఇంగ్లీషులో చెప్పాడు. నా మొహం చూసి బావ, "పోన్లే బావా, మనవొత్తన్నావని తెలిసి పారిపోనాయని సెప్పు" అన్నాడు.

జింకల్ని చూస్తూ, మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టెల సంచి ఒక బండమీద పెట్టాను. అంతలో కుక్కమూతి బబూన్ ఒకటి వచ్చి, సొంత సామానులా దాన్ని తీసుకుని చెట్టెక్కింది. రొట్టెలు పోతే పోయాయి. నా షోర్ పాసు కూడా అందులోనే ఉంది. ఆ చీటీ లేనిదే రేవు గేటు దాటనివ్వరు. ఓడేమో మర్నాడు పొద్దున్నే బయల్దేరుతుంది.

"నానున్నాను గదా! సింహాచలం కొండమీద ఇలాటియి సానా సూసినాను. అరిటిపండు సూపిత్తే సంచి వొగ్గేత్తాది" అని బావ జేబులోంచి పండు తీసి చూపాడు. బబూన్ దిగి, పండు లాక్కుని, సంచితో సహా మళ్లీ పైకెక్కింది. "ఇదేటి బావా, మా మేస్త్రీ కన్నా గట్టిగుంది!" అన్నాడు బావ.

"ఏమండీ, ఆ ఒక్క కాగితం ఇచ్చెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అని చెట్టుకింద చేతులు జోడించాను. (కంగారులోనూ మా గోదావరి మర్యాద వదల్లేదు.)

పెద్దాయన మా ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. మీరు చూస్తున్నంతసేపూ అది వదలదు, అటు తిరగండి అన్నాడు. ముగ్గురం చెట్టుకి వీపు పెట్టి కూర్చున్నాం. ఆయన తన మూట విప్పి, ఉడికించిన కర్రపెండలం, ఎండుచేప మా చేతుల్లో పెట్టాడు. వెనక రొట్టెలు తింటున్న చప్పుడు. కాసేపటికి తువ్వాలు పడింది, దువ్వెన పడింది, చివరికి మూల కొరికిన షోర్ పాసు పడింది. సాయంత్రం గేటు దగ్గర అధికారి ఆ మూలని చూసి, నన్ను చూసి, లోపలికి పంపాడు.

నెలల తర్వాత ఇంటికొచ్చి అరుగు నిండా జనాన్ని పోగేసి చెప్పాను. నా కథలో బబూన్లు పన్నెండయ్యాయి. నేను చేతులు జోడించలేదు, కర్రెత్తాను. అంతా విని మా అమ్మ, "అయితే ఆ మధ్యాహ్నం ఏం తిన్నావు నాన్నా?" అంది. ఇంత సాహసం చెబితే అడిగే ప్రశ్న ఇదా అని అలిగాను. పెద్దాయన పెట్టిన తిండి గురించి అసలు చెప్పనేలేదు. వీరుడి కథలో దానికి చోటెక్కడ?

ఇప్పుడు ఎవరైనా ఆఫ్రికా గురించి అడిగితే, ముందు ఆ కర్రపెండలం రుచే చెబుతాను. ఆ ఇరవై ఏళ్ల కుర్రాడికి మాత్రం సింహం కావలసొచ్చింది, పాపం.