కుడి యాక్సిల్

బూర్గంపాడు మెకానిక్ చెప్పులు విప్పి, బానెట్‌పై అరచెయ్యి ఆనించి కారు పక్కనే నడిచేవాడు. నన్ను స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి కారును గుండ్రంగా నడపమనేవాడు. అరిగిన యాక్సిల్ చేసే టకటక శబ్దం చెవికన్నా ముందు చేతికి తెలుస్తుందట.

ఒకసారి అలాగే చూసి అన్నాడు: “దొరా, ముందు చక్రాల యాక్సిళ్లు రెండూ అరిగినయ్. రెండూ మార్చాలె.”

ఆస్తులన్నీ పోగా మిగిలిన కారది. “ఎడమది చాలు. మా నాన్నగారి బండి సంగతి నువ్వా నాకు చెప్పేది?” అన్నాను. అతను ఎడమదే మార్చాడు.

నెల తిరక్కముందే, జబ్బుపడ్డ అమ్మను భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తుంటే, సెల్ అందని అడవిదారిలో కుడి యాక్సిల్ విరిగింది. సైకిల్ మీద పోయే మనిషితో కబురంపాను. మెకానిక్ కొత్త యాక్సిల్ భుజాన వేసుకుని వచ్చేసరికి అమ్మ ఊపిరి ఆగిపోయింది.

అమ్మ కాళ్లకు మొక్కి, “తప్పు నాదే దొరా. గట్టిగ చెప్పకపోతి” అన్నాడు.

కాదని నేను అనలేదు.