మా తోట గాలికి ఎర్రచుక్క

మా ముత్తాతను ఉద్దానంలో గుర్రబ్బండి బాబుగారు అనేవారు. ఆయన బండి వస్తుంటే పూండి స్టేషను ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా తాతగారు నందిగాం నుంచి సముద్రం దాకా ఊళ్ల తగవులు తీర్చి తగవుల బాబుగారయ్యారు. మా నాన్నగారు పంచాయతీ ప్రెసిడెంటుగా ఒక్కసారే గెలిచినా, ఆ తర్వాత ఎన్నిసార్లు ఓడినా చివరిదాకా ప్రెసిడెంటుగారే. బండి, తగవులు, పదవి అన్నీ పోయాక నా వాటాకు మిగిలినవి నిటారు వెన్నెముక, సముద్రం దగ్గర ఒక తోట. ఆ రోజుల్లో (మరీ పాతకాలమనుకోకండి, అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి) ఆ రెంటినీ చూసుకుని నేను ఎంత మురిసిపోయేవాడినో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పలాసలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. పిల్లలు నాకు 'కొలబద్ద సారు' అని పేరు పెట్టారు. నా పాఠం కొలిచినట్టు ఉంటుందని అలా పెట్టారనే చాలాకాలం నమ్మాను.

ఆ ఏడు ఎవరో స్వచ్ఛంద సంస్థవాళ్లు గాలిలో దుమ్మూ పొగా కొలిచే చిన్న పెట్టెలు మా కాలేజీకి ఇచ్చారు. ఒక్కోటి సబ్బుపెట్టె అంత. లోపల బుల్లి ఫ్యాను గాలిని లాగుతుంది, లేజరు వెలుగు అందులోని నలుసులను పసిగడుతుంది, పైన అంకె కనిపిస్తుంది. అంకె ఎంత పెద్దదైతే గాలి అంత చెడ్డదన్నమాట. చవక సరుకు కాబట్టి కాస్త మర్యాదగా చూసుకోవాలి. మంచు పడే వేళ కొలవకూడదు, నోటి దగ్గర పట్టుకోకూడదు, ఒకచోట పెడితే కనీసం అరగంట కదిలించకూడదు. ఇవి సంస్థవాళ్లు చెప్పినవి. నా సొంతంగా ఇంకో నియమం చేర్చి, గొంతు పెంచి మరీ చెప్పాను. నచ్చలేదని అంకెను కొట్టేసేవాళ్లు నా క్లాసులో ఉండక్కర్లేదని.

పిల్లలు హుషారుగా ఊరంతా కొలిచారు. కాలేజీ వార్షికోత్సవానికి తల్లిదండ్రులు చూసేలా పెద్ద పటం గీసి, మంచి గాలికి పచ్చచుక్క, మధ్యరకానికి పసుపుచుక్క, చెడ్డగాలికి ఎర్రచుక్క అంటించడం మొదలెట్టారు. ఎర్రచుక్క వచ్చింది ఒక్క వీధికే. జీడిపిక్కలు కాల్చే వీధి అది. ఆ వీధిలో ఒక బట్టీ మా క్లాసు అమ్మాయి వాళ్ల నాన్నదే. అప్పటిదాకా 'జీడిపప్పు' అని పిలిచిన నేస్తాలు ఆ రోజునుంచి ఆ పిల్లను 'ఎర్రచుక్క' అనడం మొదలుపెట్టారు. ఆమె మొహం చిన్నబోవడం చూసి ఓదారుద్దామనుకున్నాను. ఓదార్పు కాస్తా మా వంశచరిత్రలోకి తిరిగింది. గాలంటే మా తోటలో గాలి, దాన్ని మా ముత్తాతగారే ఎంచి మరీ బంగళా కట్టించారు, అక్కడ ఈ పెట్టెకి సున్నా తప్ప చూపించడానికి ఏమీ దొరకదు అని గంట కొట్టేదాకా చెప్పాను.

"అయితే అక్కడా కొలుద్దాం సార్," అంది ఆ పిల్ల. "పచ్చసుక్క మీ సేత్తోనే అంటిద్దురు గాని."

క్లాసంతా బల్లలు చరిచింది. పటం అంచున కొత్తగా చేర్చిన మా తోట పేరు ఏ రంగులో ఉంటుందన్నది అప్పటినుంచి కాలేజీకంతటికీ పందెంలాగా తయారైంది. గెలుపు నాదేననుకుని నిశ్చింతగా నిద్రపోయాను.

తోటలో మా మేనత్త ఉండేది. ఆమెకు ఫోను చేసి, కాలేజీ పిల్లలు మన గాలి కొలవడానికి వస్తున్నారు, ఇంటి పరువు నిలబడాలి అన్నాను. (ఆ రెండో ముక్క అనకుండా ఉండవలసింది.) గాలి కొలవడమేటిరా అని ఆవిడ చాలాసేపు ఆశ్చర్యపోయి, చివరికి నువ్వేటీ బెంగెట్టుకోకు, నాను సూసుకుంటానంది. మా వైపు గాలంటే దయ్యమని కూడా అర్థం. ఆవిడకు ఆ అనుమానం రానందుకు సంతోషించాను.

ఆదివారం పొద్దున్న పటం చుట్టి పట్టుకుని, పలాసలో రైలెక్కి పూండిలో దిగి, ఆటోల్లో తోటకు చేరాం. గేటు దగ్గరే బంగళా పెంకుల సందుల్లోంచి నీలంగా పొగ లేవడం కనిపించింది. పిల్లలకు వంట చేయిస్తోంది కాబోలనుకున్నాను. లోపలికి వెళ్తే గదిగదికీ ఒక ధూపం. కొబ్బరిపీచు నిప్పుల మీద గుప్పెళ్లకొద్దీ సాంబ్రాణి, దానిపైన వేపాకు. మధ్యలో పట్టుచీర కట్టుకుని, కళ్లు ఎర్రబడి, మా అత్త. తెల్లారినకాడినుంచి గాలి బాగుచేస్తోందట.

"ఇంత మంచి గాలి మీ పలాసలో ఉంటాదేటి?" అంది పిల్లలతో. పిల్లలు మర్యాదగా దగ్గారు.

బట్టీవారమ్మాయి వరండాలో పెట్టె పెట్టింది. అంకె లేచింది, లేస్తూనే ఉంది. కాసేపటికి నా దగ్గరకొచ్చి, మా బట్టీని దాటేసింది సార్ అని రహస్యంగా చెప్పింది. పెట్టెను కొబ్బరిచెట్ల కిందకు మార్పించాను. అత్త ధూపం పట్టుకుని వెనకే వచ్చింది. జీడిమామిళ్ల దాకా నడిపించాను. అక్కడికీ వచ్చి, పెట్టె చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, గాలి ఆడేలా పమిటతో విసిరింది. కొలవడానికొచ్చినవాళ్లకు లోటు చేయడం మా ఇంట్లో అలవాటు లేదు. అరగంటా అలాగే గడిచింది.

ఇంకోరోజు వద్దాంలెండి సార్ అన్నాడొక జాలిగుండె కుర్రాడు. నేనూ అదే అనబోయాను. చవక పెట్టె, సముద్రపు తేమ, కారణాలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అంతలో బట్టీవారమ్మాయి నావైపు చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు.

"కొట్టీమంటారా సార్?"

వాళ్ల వీధిలో బట్టీ మండుతుండగానే మేం కొలిచాం. ఆ పిల్ల ఆ మాట పైకి అనలేదు. అననక్కర్లేకుండానే నాకు వినబడింది. "రాయమ్మా," అన్నాను. ఎర్రచుక్కను నేనే తీసి మా తోట మీద అంటించాను. దాని పక్కన 'ధూపం వేళ' అనీ, వాళ్ల వీధి పక్కన 'బట్టీ వేళ' అనీ రాయించాను. ఆ పిల్ల మొహం విప్పారింది. ఆ నవ్వు చూశాక ముత్తాతగారికి ఏం సమాధానం చెప్పుకోవాలన్న బెంగ కాస్త తగ్గింది.

అత్తకు మాత్రం ఆత్రం ఆగలేదు. ఎంతొచ్చిందని అడిగింది. చాలా ఎక్కువొచ్చిందన్నాను. పలాసకంటేనా అంది. పలాస మొత్తానికంటే అన్నాను. ఆవిడ ధూపం కింద పెట్టి, అరుగు మీద దర్జాగా కూర్చుంది.

"మరేటనుకున్నావు? ఈ ఇంటికి తక్కువొత్తాదేటి?"

బట్టీవారమ్మాయి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. "ఎర్రసుక్క మీకొకటి, మాకొకటి వొచ్చాయి మామ్మగారూ. ఇంకెవులికీ రాలేదు."

"ఎర్రదేటి? కుంకంబొట్టులాగ," అని మా అత్త మురిసిపోయింది. "మిగతావోళ్లకో?"

"పచ్చవి, పసుపువి."

"పోన్లే పాపం. మళ్లీ కొలిస్తే ఆళ్లకీ వొత్తాది."

ఆ రోజు మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం, అత్తతో సహా. ఎందుకు నవ్వుతున్నామో ఆవిడ అడగలేదు. గెలిచిన ఇంట్లో నవ్వుండదా అనుకుని ఉంటుంది. వార్షికోత్సవానికి అదే పట్టుచీరలో ఆటో దిగి, పటం ముందు నిలబడి వచ్చినవాళ్లందరికీ మా చుక్క చూపించింది. అటుపక్క బట్టీవారమ్మాయి, ఇటుపక్క నేను. ఎవరైనా నవ్వితే నమస్కారం పెట్టేవాణ్ణి. ఒక చుక్క కోసం అంత బిగుసుకుపోయిన ఆ కుర్ర మాస్టారు ఇప్పుడు ఎదురైతే, కాస్త కూర్చోవయ్యా అని పక్కన చోటిచ్చేవాణ్ణి.

మరుసటి వేసవిలో తోట అమ్మేశాం. బంగళా టేకు దూలాలు, పెంకులు టెక్కలి నుంచి వచ్చినవాళ్లు విడిగా కొనుక్కున్నారు.