చెప్పుకోదగ్గదేమీ లేదు

పెన్‌వారా అనే రాగి గని ఊళ్లో ఎవరినైనా ఎలా ఉన్నారని అడిగితే "ఏదో, పర్లేదు" అంటారు. కాలు విరిగినా అదే మాట, మనవడు పుట్టినా అదే మాట. గొప్పలు చెప్పుకోవడం తాగుడంత పాపమని అక్కడి మెథడిస్టు క్రైస్తవులు పిల్లలకు ఉగ్గుపాలతో పోశారు. ఐవీ నాంకివెల్ ఆ పాఠాన్ని అందరికంటే బాగా వంటబట్టించుకుంది. చివరికి అదే కొంప ముంచింది.

ఐవీకి నాలుగేళ్లప్పుడు రాగి గని మూతపడింది. మగవాళ్లు పనికోసం దూరపు గనులకు పోయారు. చర్చి మాత్రం అప్పటికే రెండు శిఖరాలతో నిక్కుతూ ఉండేది. ఆదివారం బడి పిల్లలు దాని వెనకాల, వానొస్తే కారే రేకుల కొట్టంలో కూర్చునేవాళ్లు. పిల్లలకో హాలు కట్టాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. గనిలో నీళ్లు తోడే ఇంజను కోసం కట్టి పాడుబడిన ఇంటి రాళ్లున్నాయి గానీ తేవడానికి బండ్లు లేవు. అందుకని పసిపిల్లల్ని తోసుకెళ్లే బండ్లలోనే రాళ్లు వేసుకుని, మైలున్నర దూరం, రెండు వేసవులు తోశారు. ఐవీ తల్లి మార్తా ముందు నడిచేది. రాయి జారకుండా ఐవీ చెయ్యి అడ్డం పెట్టేది. అలా నలిగిన చూపుడువేలికి గోరు మళ్లీ సరిగ్గా రాలేదు.

మగవాళ్లు తిరిగొచ్చారు. పెళ్లాలు రాళ్లు మోశారంటే వాళ్లకు తలవంపులు. ఆడవాళ్లు నోరు కుట్టేసుకున్నారు. పునాదిరాయి మీద మాత్రం, వెండి తాపీ పట్టుకుని ఫొటో దిగిన చర్చి పెద్ద రాడ్డా గారి పేరు చెక్కారు.

ఆ హాల్లోనే ఐవీ పెళ్లి విందు, ఆ హాల్లోనే తల్లి అంత్యక్రియల తర్వాతి టీ. మెథడిస్టులు వేరే చర్చి సంఘాలతో కలిసిపోయాక చర్చీ హాలూ రెండూ ఊరి కౌన్సిల్ చేతికెళ్లాయి. హాలు తాళంచెవి మాత్రం ఐవీ దగ్గరే ఉండిపోయింది. పిలిచినా పిలవకపోయినా శనివారం శనివారం వెళ్లి ఊడ్చి వచ్చేది.

ఆమెకు ఎనభై రెండో ఏట కౌన్సిల్ ఒక ఆలోచన చేసింది. చర్చిని పెళ్లి విందుల హాలు చేస్తారట, అందులో వైను కూడా పోస్తారట. కార్లు నిలపడానికి చోటు కావాలి. ఏది ఉంచాలో ఏది కూల్చాలో తేల్చడానికి పాత కట్టడాల విలువ కట్టే డామియన్ అనే కుర్ర నిపుణుణ్ని పంపారు. ఐవీ అతనికి టీ ఇచ్చి, కుంకుమపువ్వు కేకు కోసి పెట్టింది.

"ఈ హాలు గురించి ఏదైనా చెప్పండి నాంకివెల్ గారూ. విశేషాలేమైనా ఉన్నాయా?"

"చెప్పుకోదగ్గదేమీ లేదు నాయనా. మామూలు హాలే."

"ఎవరు కట్టారో..."

"ఎవరో ఒకరు కట్టి ఉంటార్లే. ఇంకో ముక్క తీసుకో."

ఆ ఊరివాడైతే ఆ మాట విని, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంకో రెండుసార్లు అడిగేవాడు. మూడోసారికి గానీ అక్కడ ఎవరూ నోరు విప్పరు. డామియన్ ఊరివాడు కాదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని, కేకు బాగుందని వెళ్లిపోయాడు.

రెండు నెలలకు నివేదిక వచ్చింది. పక్కింటి ఆలివ్ హాకింగ్ కళ్లజోడు సవరించుకుని చదివింది. చర్చికి నాలుగు పేజీలు: శిఖరాలు, దేవదారు పీఠం, పేరున్న వాస్తుశిల్పి. హాలుకు మూడు వాక్యాలు. చివరిది, ఈ హాలుకు చెప్పుకోదగ్గ ప్రాముఖ్యం ఏమీ లేదని దీర్ఘకాల నివాసి ఐ. నాంకివెల్ ధ్రువీకరించారు.

"ఏమే ఐవీ, నీకేమైనా మతి పోయిందా?" అంది ఆలివ్. "మా అమ్మ నడుం ఆ రాళ్లతోనే కదే పోయింది!"

కౌన్సిల్ సమావేశంలో ఐవీ లేచి నిలబడింది. జీవితంలో అదే మొదటిసారి. బండ్ల గురించి, రెండు వేసవుల గురించి, మైలున్నర గురించి చెప్పింది. సిగ్గుతో మెడ దాకా ఎర్రబడింది. అధ్యక్షుడు ఓపిగ్గానే విన్నాడు.

"ఎక్కడైనా రాసిపెట్టి ఉందామ్మా?"

"లేదు."

"ఆ రోజు మా మనిషికి ఎందుకు చెప్పలేదు?"

నోరున్నవాడిదే ఊరంటారు. ఐవీ నోరు ఎనభై ఏళ్లుగా మూసుకోవడానికే అలవాటు పడింది.

"మీరే లేదంటారు, మీరే ఉందంటారు. మేం ఏది నమ్మాలి చెప్పండి?" అన్నాడు అధ్యక్షుడు నవ్వుతూ. ఎవరో కిసుక్కుమన్నారు. కూల్చడానికే చేతులు లేచాయి. హాలు పోయింది.

కూల్చడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. ఆలివ్, ఐవీ కంచె అవతల నిలబడి చూశారు. ఆలివ్ కోపం ఇంకా చల్లారలేదు.

"ఒక్క మాటే! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదే?"

"అడిగిన వెంటనే చెప్పేస్తే బాగుండదని..." అంది ఐవీ. "మళ్లీ అడుగుతాడనుకున్నానే."