మోకాళ్ల మీద నిద్ర

యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తాను. నిరుడు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ మొదలైంది. పొద్దున్నే అది చేయించుకుని, నేరుగా క్యాంపస్‌కి వెళ్లిపోయేదాన్ని. మూడో వారానికి, రాత్రంతా పడుకున్నా సత్తువ ఉండేది కాదు. ఫైలు తీయడానికి లేవాలన్నా ఏడుపొచ్చేది. బద్ధకమనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం సాయంత్రం తార్నాకలోని మా ఫ్లాట్‌లో స్త్రీల ప్రార్థన కూటం. అందరితోపాటు మోకరించి, వైరు కుర్చీ మీద తల ఆనించి కళ్లు మూశాను.

తెరిచేసరికి అందరూ ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారు. నాకంటే ముందు లేవడం బాగుండదని, కీళ్లనొప్పుల పెద్దవాళ్లు కూడా అరగంట అలాగే ఉండిపోయారట!

"ఎంత భారంతో ప్రార్థించావమ్మా!" అన్నారు పాస్టరమ్మగారు, కళ్లు తుడుచుకుంటూ.

నర్సుగా చేసే మా పక్కింటి సుజాత నా చెంప మీది వైరు అచ్చులు చూసింది. "అమ్మగారూ, అక్క ప్రార్థన చేయలే. పండుకున్నది."

సిగ్గుతో చచ్చిపోయాను. "ఈమధ్య బద్ధకం ఎక్కువైంది" అని నసిగాను.

"బద్ధకం కాదక్కా! రేడియేషన్ తీసుకునేటోళ్లకు గిట్లనే అయితది. సోమవారం డాక్టరుకు చెప్పు, దాచకు."

చెప్పాను. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, పని తగ్గించుకోమన్నారు, రోజూ కాసేపు నడవమన్నారు. చికిత్స ముగిశాక ఓపిక మెల్లగా తిరిగొచ్చింది. క్యాంపస్ చెట్ల కింద నడక మాత్రం మానలేదు.

ఆ అరగంటలో దేవుణ్ణి నేనేమీ అడగలేదు. అయినా నన్ను లేపి, నాకు కావలసిన మాట సుజాత నోట చెప్పించాడు.