రెండు బిఘాల పాలచౌడు

మా ముత్తాత కరీంనగర్ వైపు ఒక ఊళ్ళో నేతగాళ్ళందరికీ పెద్ద. నూలు పంపకంలో తగాదా వస్తే ఆయన అరుగు మీదే తేలేది. ఆయన చెప్పాక ఇంకొకరి గడప ఎక్కిన వాళ్ళు లేరు. మా తాత సూరత్ వచ్చి అరవై పవర్‌లూమ్‌లు నడిపాడు. ఇక్కడి మా నేత కుటుంబాల సమాజంలో మొదటి కుర్చీ ఆయనది. పెళ్ళిళ్ళలో ఆయన వచ్చేదాకా బంతి వేసేవారు కాదు. మా బాపు కాలంలో ఆ కుర్చీ మరొకరికి పోయింది, మగ్గాలూ పోయాయి. ఎలా పోయాయో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

మిగిలింది సూరత్ శివార్లలో ఇచ్ఛాపూర్ దాటాక రెండు బిఘాల స్థలం, అంటే ఎకరానికి కొంచెం పైన. తాత అక్కడ రంగుల మిల్లు కట్టాలనుకున్నాడు. అనుమతులన్నీ తెచ్చుకుని, పునాది తీయకముందే కన్నుమూశాడు. అందులో సగం నాది, సగం మా చిన్నాయనది, కాగితం మాత్రం ఒక్కటే. తూర్పున రోడ్డు, పడమట ఖాడీ. ఖాడీ అంటే సముద్రం పోటెత్తినప్పుడు నీరెక్కే వాగు. ఎండాకాలం వస్తే ఆ నేల మీద తెల్లగా ఉప్పు పూసేది.

మొదటి లాక్‌డౌన్‌లో వడోద్‌లో నేను మగ్గాలు సరిచేసే మాస్టర్‌గా ఉన్న షెడ్డు మూతపడింది. నవాగామ్‌లో మా గల్లీ సగం ఖాళీ అయింది. జనం లారీల్లో, రైళ్ళలో ఊళ్ళకు వెళ్ళిపోయారు. నేను కదల్లేదు. మా తాత తల ఎత్తుకుని వచ్చిన నగరంలోంచి నేను మూట కట్టుకుని వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు.

దారులు తెరిచిన మొదటి వారంలోనే చిన్నాయన వచ్చాడు. మాస్కు గడ్డం కిందకు జారి ఉంది.

"గోదాములు కట్టే పార్టీ ఒకడు మన జాగ అడుగుతుండు. ఇద్దరం దస్తకత్ వెడితేనే అయితది. జర సోచాయించు బిడ్డా."

"సోచాయించేది ఏం లేదు చిన్నాయనా. అది అమ్మేది లేదు."

"అమ్మక ఏం జేస్తవ్? మ్యూజియం వెడ్తవా?"

"కూరగాయలు వెడ్త."

చిన్నాయన నా భార్య వైపు తిరిగాడు. "విన్నవా కోడలా? నీ మొగడు ఉప్పుల వంకాయలు కాపిస్తడట. ఊరగాయ చెట్టుకే తయారైతది, నీకు పని తప్పె."

ఆమె నవ్వేసింది. నాకు ఒళ్ళు మండింది.

"నేల గురించి నీకేం ఎర్క?" అన్నాను.

"నీకేం ఎర్క మరి? సరే, మట్టి టెస్ట్ చేయించు. భూమి పనికొస్తదని కాగితం మీద వస్తే నేను నోరు మూస్కుంట. పనికిరాదని వస్తే నువ్వు దస్తకత్ వెట్టాలె. మాటేనా?"

"మాటే."

ఆయన వెళ్ళాక నా భార్య, "మాటిచ్చే ముంగట నన్నొక్కసారి అడుగొద్దా అయ్యా? ఉన్నది అదొక్కటే కదా," అంది. మా ఇంట్లో మాట ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు.

మర్నాడే స్కూటర్ మీద వెళ్ళి మట్టి తెచ్చాను. థాను అంచు పట్టి చూసి బట్టంతా ఎలా ఉందో చెప్పే వృత్తి మాది. నేలకూ అదే చాలనుకుని, పైపైన చెంచాతో గీకి రెండు పిడికెళ్ళు తీసుకున్నాను. సూరత్‌లో మావాళ్ళ ప్రతి ఇంట్లోనూ రంగుల మిల్లు నుంచి వచ్చిన మందపాటి సంచులుంటాయి. అద్దకానికి వాడే ఉప్పు వాటిలో వస్తుంది. ఖాళీ అయ్యాక దులిపి బియ్యానికీ, బట్టలకీ, ఊరి ప్రయాణానికీ వాడుకుంటాం. అలాంటి సంచినే ఒకదాన్ని దులిపి అందులో మట్టి పోశాను. మట్టి పరీక్షా కేంద్రం కిటికీలోంచి దాన్ని లోపలికి అందించి వచ్చాను.

పది రోజులకు కాగితం వచ్చింది. అందులో ఉప్పు లెక్క చూసి చిన్నాయన ఈల వేశాడు. ఏ పంటా బతకని నేల అని దాని భావం.

"ఇది భూమి గాదురా, నమక్ కా డబ్బా. రేపు పార్టీని పిలుస్త."

"ఎల్లుండి పిలువు," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ అంకెకు తల వంచడం మాత్రం నా వల్ల కాలేదు.

మర్నాడు కాగితం పట్టుకుని కేంద్రానికి వెళ్ళాను. పరీక్షలు చేసే బెన్, అంటే అక్క, ముఖానికి ప్లాస్టిక్ తెర కట్టుకుని బయటికి వచ్చింది. ఆ నేలలో ఏమైనా మొలుస్తుందా అని హిందీలో అడిగింది. గడ్డి ఉంది, అంచున తుమ్మ ఉంది అన్నాను. ఈ అంకె నిజమైతే గడ్డి కూడా ఉండదు అంది. కాగితం మళ్ళీ చూసి, "థైలీ కౌన్సీ థీ?" అని అడిగింది. ఏ సంచిలో తెచ్చావు అని.

చెప్పాను. ఆమె నవ్వలేదు. మిల్లు ఉప్పు సంచి మడతల్లో ఎంత ఉండిపోతుందో, పైపొరలో ఎంత పేరుకుంటుందో విడమరిచి చెప్పింది. ఎలా తవ్వాలో చేత్తో గాలిలో గీసి చూపింది.

ఇంటికి వచ్చి, చిన్నాయనను పిలిచి, నా తప్పు నేనే ఆయన ముందు చెప్పాను. దాచి ఉండొచ్చు. కానీ తప్పుడు కాగితం మీద ఓడిపోవడం ఎంత అవమానమో, దాచి గెలవడమూ అంతే అవమానం.

చిన్నాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఉప్పు సంచేదో పప్పు సంచేదో ఎర్కలేదు, ఎవుసం జేస్తడట! సరే తియ్, ఇంకొక్కపారి. గదే ఆఖరు."

ఈసారి నా భార్య కూడా వచ్చింది. ఉప్పు తేలిన తెల్ల మచ్చలు వదిలి, స్థలమంతా అటూ ఇటూ నడుస్తూ పది చోట్ల జానెడు లోతు గుంటలు తీశాం. ప్రతి గుంట గోడ నుంచి పైనుంచి కిందిదాకా సమానంగా ఒక పలక చెక్కాం. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేశాం. అరకిలో మిగిలేదాకా అలాగే చేశాం. నీడలో ఆరబెట్టి కొత్త గుడ్డసంచిలో పోశాం. ఆ సంచి నా భార్య పాత దుప్పటి చించి కుట్టింది.

రెండో కాగితాన్ని బెన్ ఎదురుగా కూర్చుని నాతో చదివించింది. ఒక అంకె ఉప్పుది. మట్టిని నీళ్ళతో ముద్దగా కలిపి, ఆ నీటిని పీల్చి, అందులోకి కరెంటు పంపుతారు. ఉప్పు ఎక్కువైతే కరెంటు బాగా పారుతుంది. చెమట చేత్తో స్విచ్ ముడితే ఏమవుతుందో షెడ్డుల్లో పనిచేసిన నాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నాలుగు దాటితే ఉప్పునేల అంటారు. మాది ఏడు దాటింది. రెండో అంకె పీహెచ్, క్షారం ఎంతుందో చెప్పేది. అది ఎనిమిదిన్నర లోపే ఉంది. మూడోది సోడియం వాటా, అదీ హద్దులోనే ఉంది. మా ఊరి రైతులు రెండు చౌళ్ళ పేర్లు చెప్పేవారు. తెల్లగా పూసేది పాలచౌడు, నల్లగా బిగిసి నీరింకనిది కారుచౌడు. మాది పాలచౌడు. కారుచౌడుకు వేసే జిప్సం దీనికి అక్కర్లేదు, మంచినీటితో కడిగి ఆ నీటిని బయటికి పంపితే చాలు.

పక్క చేను గుజరాతీ రైతును అందరూ కాకా అంటారు. ఆయన ఆ కాగితం చూడకుండానే అదే మాటన్నాడు. "జమీన్ ఖారీ హై, మరీ హుయీ నహీ." నేల ఉప్పగా ఉంది, చచ్చిపోలేదు అని.

చిన్నాయన మాత్రం వేలు ఏడు మీదే పెట్టాడు. "నాలుగు దాటింది. నువ్వోడినవ్."

"పనికిరాదని రాసి లేదు చిన్నాయనా. కడిగితే బాగైతదని రాసుంది. సదువు."

ఆయన రెండుసార్లు చదివాడు. "ఒక్క వానకాలం ఇస్త," అన్నాడు.

ఒక్కటి చాలదని ఆ వానకాలమే నాకు నేర్పింది. స్థలాన్ని చదును చేసి, చిన్న మడులుగా గట్లు కట్టి వాన నిలబెట్టాం. నీళ్ళు నిలిచాయి, అంతే. బయటికి పోయే దారి లేదు. ఎండ కాసిన నాలుగు రోజులకు ఉప్పు మళ్ళీ పైకి తేలింది. కాకా గట్టు మీద కూర్చుని, పైనుంచి పోస్తే చాలదు, కిందనుంచి పోనివ్వాలి అన్నాడు. ఖాడీ వైపు నడుములోతు కాలువ తవ్వడం మొదలుపెట్టాం. నా భార్య, నేను, ఒక గడ్డపార, ఒక తట్ట. పోటు నీరు వెనక్కి రాకుండా చివర రేకు తలుపు పెట్టాను. ఆ తర్వాత పడిన ప్రతి వానా మట్టిలోంచి దిగి, ఉప్పు పట్టుకుని, ఆ కాలువలో పడి పోయింది. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, పూతకు ముందే మట్టిలో కలియదున్నించాం. తేమ ఆరి ఉప్పు పైకి లాగకుండా నేల మీద గడ్డి కప్పాం. ఎరువుల దుకాణంవాడు జిప్సం అంటగట్టబోతే కాగితం తీసి చూపించాను. బోరు నీళ్ళు కూడా పరీక్షకు ఇచ్చాను. అవి ఉప్పునీళ్ళని తేలాక మళ్ళీ ఆ మోటారు వేయలేదు. వానాకాలం చివర అంకె అయిదు దగ్గరికి దిగింది. చలికాలంలో పాలకూర మొలిచింది. దానికి కాకా తన సాగునీటి కాలువ వంతులోంచి నీరిచ్చాడు.

కరోనా రెండో అల వచ్చిన వేసవిలో చిన్నాయన మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చాడు. చిక్కిపోయాడు. నేను పాలకూర కట్ట తీసుకెళ్తే చేతిలో తిప్పి చూశాడు.

"మంచిగనే ఉంది రా. నువ్వే గెలిసినవ్. కానీ నాకు అరవై ఐదు దాటినయ్. నీ ఉప్పంత కడిగేదాంక నేనుంటనా? నా సగం నాకు గావాలె."

"నా సగానికి నేను దస్తకత్ వెట్టను."

"వెట్టమన్ననా? పంచుకుందాం. ఏ దిక్కు నీకు?"

రోడ్డు వైపు నేల మెరుగు. ఉప్పు తక్కువ, ధర ఎక్కువ. ఖాడీ వైపుది తెల్లగా పూసేది. కానీ నేను తవ్విన కాలువ అందులోనే ఉంది.

"ఖాడీ దిక్కు," అన్నాను.

"పిచ్చోడా," అన్నాడు చిన్నాయన. నవ్వలేదు.

ఆ దసరాకు ముందు టేపుతో కొలిచి మధ్యలో సిమెంటు రాళ్ళు పాతించాం, కాగితాలు రెండు చేయించాం. నా సగంలో పాలకూర తర్వాత బీట్‌రూట్, దాని పక్కన పుంటికూర, అదే గోంగూర, వేశాం. పాలకూర నిలబడింది. పుంటికూర సగం పోయింది, సగం నిలిచింది. మరుసటి ఏడు అంకె నాలుగుకు కొంచెం పైన ఆగింది. అక్కడినుంచి ఇంకా దించుతాను.

చిన్నాయన రోడ్డు వైపు బిఘాను గోదాముల వాళ్ళకు అమ్మాడు.